కదిలే చోట ఎక్కువ

"ఒక్క డిస్కులో పట్టించమను. పట్టకుంటే వంటసాల తీసెయ్యమను," అన్నారు మా ఆయన ఎడ్విన్. నేను ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాను.

అమ్మ పోయి ముప్పై రెండు రోజులు. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకు ఆళ్లగడ్డ వచ్చే చుట్టాలకు తలా ఒక డిస్కు ఇవ్వాలని ఆయన ఆలోచన. అమ్మ కదులుతూ కనిపించేది మా పెళ్లి వీడియోలో మాత్రమే. అది మూడున్నర గంటలు. బొమ్మ చెదరకుండా ఉండాలంటే డిస్కులో రెండు గంటలే పడుతుందని ఊళ్లో వీడియో షాపువాళ్లు చెప్పారు.

"అమ్మ ఎక్కువగా కనపడేది వంటసాలలోనే కదండీ."

"స్టేజీ మీద పట్టుచీరలో రెండు నిమిషాలుంది కదా, చాల్లే. ఆ మసిచీరలో ఏం చూపిస్తావ్? మా నాయన మాట్లాడింది, పాస్టరయ్య వాక్యం మాత్రం ముట్టుకోవద్దను. వాళ్లు కూడికకు వస్తాండారు."

అమ్మను మసిచీరలో చూపించకపోవడమే ఆమెకు గౌరవం అనుకున్నారు ఆయన. బడిలో పిల్లలకు మాట తూచి వాడమని చెప్పే నేను, ఇంట్లో తూచి తూచి చివరికి ఏమీ అనకుండా ఉండిపోతాను. మా పెళ్లికి వంటవాళ్లు రాకపోతే నూటయాభై మందికి అమ్మే వండింది. మామగారు సంజీవయ్య ఆకు ముందు కూర్చుని, "వియ్యపురాలు యాడుండాది? పలకరించే తీరిక గూడా లేదా?" అన్నారు. అమ్మ చేతులు కడుక్కుని పరుగున వచ్చి, "తప్పయింది అన్నా," అంది. పక్క ఆకు ముందు పూలదండలో తల వంచుకుని కూర్చున్న నేను అదంతా విన్నాను.

రెండో శనివారం నంద్యాల బస్సెక్కాను. వీడియో షాపు బోర్డు మీద రాజశేఖర్ అని పేరుంది. కంప్యూటర్ ముందు కూర్చుని పని చేస్తున్నది ఆయన భార్య పరంజ్యోతి. నేను చెప్పిందంతా విని, వంటసాల తీసే పని లేదంది.

"అందరూ ప్రతి నిమిషానికీ ఒకే కొలతగా చోటిస్తారు టీచర్. అందుకే పట్టదు. బలవంతంగా పట్టిస్తే మొహాలు గళ్లుగళ్లుగా పగిలిపోతాయి. నేను రెండుసార్లు తిప్పుతా. మొదటిసారి కంప్యూటర్ ఏమీ రాయదు, ఊరికే చూస్తాది. యాడ కదలిక ఉండాది, యాడ లేదు అని. రెండోసారి దాన్నిబట్టి పంచుతాది."

"ఎలా పంచుతుంది?"

"కదలకుండా నిలబడినోళ్లకు కొంచెం చాలు. అదే గోడ, అదే మొహం. కొత్తగా రాసేదేముంది? పని చేసే చేతులకు ఎక్కువ కావాల."

తెర కింద ఒక గీత నడవడం మొదలైంది. కదలిక ఎక్కువైతే పైకి లేస్తుందట. మామగారి ప్రసంగం ఇరవై నిమిషాలూ అది నేలకు అతుక్కుని పోయింది.

"పెద్దాయన భలే చోటు మిగిలిస్తాండాడు టీచర్. ఎంతసేపు మాట్లాడితే మనకంత లాభం."

అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

వంటసాల రాగానే గీత లేచింది. ఆవిరి, పొగ, పెనుగులాడే గరిటె. కొంగుతో గుండిగ అంచు పట్టి దించుతున్న చేతులు. గీత ఎంతకూ కిందికి దిగలేదు. పరంజ్యోతి నవ్వు ఆపేసింది.

"ఈమె ఒక్కసారన్నా కూచోలేదే. ఎవరు టీచర్?"

"మా అమ్మ."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆవిరి దగ్గర బొమ్మ పగులుతాది, ఇంకొంచెం ఇస్తా," అంది. కెమెరా ఎవరో నేల మీద పెట్టి మర్చిపోయిన తొమ్మిది నిమిషాలు తీసేసింది. రెండుసార్లూ తిప్పాక డిస్కును పాత ప్లేయరులో వేసి చూపించింది. అమ్మ నుదుటి మీద చెమట చుక్కలు విడివిడిగా కనిపించాయి. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మొత్తం చూశాకే ఎవరికెంతో పంచే మనిషిని ఆ రోజే చూశాను.

బస్టాండులో ఉండగా ఎడ్విన్ ఫోన్ చేశారు.

"పట్టిందా?"

"పట్టింది. వంటసాల మొత్తం ఉంది. మామగారి మాటలూ ఉన్నాయి."

"సరేలే, పట్టింది కదా. కూడికలో అత్త గురించి నాయనే మాట్లాడతాడు. ఆయనకు చెప్పేసినా."

"ఆయన్ని కూర్చోనివ్వండి," అన్నాను. "మా అమ్మ గురించి నేను మాట్లాడతాను."