ఓబుళేసు చెప్పిన తేదీ

తాడిపత్రిలో వకీలు చంద్రమోహన్ ఆఫీసుకు కంప్యూటర్ కొత్త కాదు. అర్జీలు టైపు చేయడానికి, కరెంటు ఉన్నప్పుడు ప్రింట్లు తీయడానికి అది పన్నెండేళ్లుగా ఒక మూల కూర్చునే ఉంది. కేసులను నడిపేది మాత్రం గుమస్తా ఓబుళేసు. ఏ కేసు ఏ రోజు ఏ కోర్టులో ఉందో రాసుకునే వాయిదాల డైరీ ఆయన చంకలోంచి దిగేది కాదు. ముప్పై ఏళ్ల డైరీలు బీరువాలో వరసగా ఉన్నాయి. ఆ రాత ఆయనకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు. అదే తన ఉద్యోగానికి భద్రత అని ఆయన నమ్మకం, పైకి ఎప్పుడూ అనలేదు గానీ.

రెండేళ్ల కిందట జూనియర్‌గా చేరిన అశ్విని ఆ భద్రతకు ఎసరు పెట్టింది. ఒకే రోజు గుత్తిలో ఒక కేసు, తాడిపత్రిలో ఒక కేసు పడి, రెండూ డైరీలో ఒకే గీత మీద ఇరుక్కుని, చంద్రమోహన్ గుత్తి దాకా పోయి వెనక్కి పరిగెత్తుకు రావాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె పట్టుబట్టింది, కేసులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుందామని.

"సరేమ్మా, మూడు చూపిచ్చమను. ఒకటి తేల్చుకుందాం" అన్నాడు చంద్రమోహన్.

మూడూ చూశారు. మొదటిది బెంగళూరు వాళ్లది. రంగురంగుల పట్టికలు, అన్నీ ఇంగ్లీషులో. పార్టీలకు వాయిదా కబురు ఈ-మెయిల్లో పంపుతుందట. "మన యాడికి రైతులకు ఈ-మెయిలంట" అని చంద్రమోహన్ నవ్వి కుర్చీ వెనక్కి జరిపేశాడు. ఇంకొకటి చవగ్గా వస్తుంది గానీ, "మేం మానేస్తే మా ఫైళ్లు మాకు తిరిగిస్తారా?" అని అశ్విని అడిగేసరికి చూపించడానికి వచ్చినాయన నీళ్లు నమిలాడు. ఇక మిగిలింది హైదరాబాద్ వాళ్లది. కోర్టు వెబ్‌సైటు నుంచి వాయిదాలను అదే తెచ్చుకుంటుంది. ముందురోజు పార్టీకి ఫోన్ చేసి తెలుగులో చెబుతుంది. చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుందని అశ్వినికి అది నచ్చింది.

ఓబుళేసు మూడుసార్లూ టీలు తెప్పించాడు, ఒక్క ప్రశ్న మాత్రమే అడిగాడు.

"ఇంగ వాయిదా తేదీ పార్టీకి నేను చెప్పే పనే ల్యాదా?"

"ల్యాదన్నా, నీకు శ్రమ తగ్గుతాది" అంది అశ్విని. ఆయన మొహం మాడిపోవడం ఆమె గమనించలేదు.

ఆ పని ఓబుళేసుకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆయన గుమస్తాగా చేరిన కొత్తలో పామిడి వైపు రైతు ఒకాయన బస్సు తప్పిపోయి వాయిదాకు రాలేకపోయాడు. తీర్పు ఎదుటివాళ్లకు ఏకపక్షంగా పోయింది. ఆ మనిషి కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూసి ఓబుళేసు ఒక నిర్ణయం తీసుకున్నాడు. అప్పటి నుంచి ఏ పార్టీకీ అసలు తేదీ చెప్పలేదు. ఒకరోజు ముందు తేదీ చెప్పేవాడు. వాయిదా పద్నాలుగున ఉంటే పదమూడు అనేవాడు. పల్లెటూరి జనం ఒకరోజు ఆలస్యంగా తగలడతారు, అప్పటికి సరిగ్గా వాయిదా రోజవుతుంది, ఇదీ ఆయన లెక్క. లెక్క ఎంత చక్కగా పనిచేసిందంటే, పార్టీలంతా ఆయన చెప్పిన మర్నాడే వచ్చేవాళ్లు. "సూసినావా, నేను గాన ఇట్ల చెప్పకపోతే వీళ్ల గతేంగాను" అని ఓబుళేసు తనలో తాను మురిసిపోయేవాడు. ఈ సంగతి చంద్రమోహన్‌కు కూడా తెలియదు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్‌ను ఒక నెల వాడి చూద్దామనుకున్నారు. ఆ నెలలో తేదీలు అదే చెప్పాలి, ఓబుళేసు నోరు విప్పకూడదు.

పద్నాలుగో తేదీన మారెమ్మ కేసు ఉంది. ఆమెది యాడికి అవతల ఒక పల్లె. మొగుడు పోయాక అతని వాటా రెండెకరాలను మరిది తిప్పయ్య దున్నుకుంటున్నాడు. బోరులో నీళ్లు పడ్డది ఆ చేలోనే, అందుకే వదలడు. నాలుగేళ్లుగా నడుస్తున్న దావా చివరికి ఆమె సాక్ష్యం దాకా వచ్చింది. ఎదుటి వకీలు ఆమెను ప్రశ్నించాలి. ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది, ఇదే ఆఖరి అవకాశమని జడ్జి మేడం ముందే చెప్పింది.

పదమూడున ఆమెకు ఫోన్ వెళ్లింది. ఆమె ఎత్తి పూర్తిగా విన్నట్టు సాఫ్ట్‌వేర్లో ఆకుపచ్చ గుర్తు కూడా పడింది.

పద్నాలుగున మారెమ్మ రాలేదు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. అశ్విని ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం మేడం సాక్ష్యం ముగించేసి, వాదనలకు తేదీ ఇచ్చేసింది. దావా వేసిన మనిషే బోనెక్కకపోతే ఇక ఆ కేసులో మిగిలేదేముంది.

ఆఫీసుకొచ్చాక చంద్రమోహన్ కోటు విసిరికొట్టాడు. "ఆకుపచ్చ గుర్తంట! ఓబుళేసు చెప్పింటే ఆయమ్మ పరిగెత్తుకొని వస్తాండె. తీసేయండమ్మా దాన్ని, ఇంగ నాకు సూపిచ్చద్దు."

అశ్విని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఓబుళేసుకు మారెమ్మ మీద జాలి కలిగిన మాట నిజమే. కానీ దానికి ముందు, దాచడం ఎందుకు, లోపల పండగైంది. ఇంటికి పోతూ మిఠాయి కూడా కొన్నాడు.

మర్నాడు పొద్దున పదింటికల్లా మారెమ్మ ఆఫీసు గడపలో ప్రత్యక్షమైంది. ఉతికిన చీర, పట్టాదారు పుస్తకం పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు. చంద్రమోహన్, అశ్విని అప్పటికే కోర్టుకు వెళ్లిపోయారు.

"ఏమమ్మా, నిన్న గదా వాయిదా! యాడ సచ్చినావు?" అని ఓబుళేసు కసిరాడు.

మారెమ్మ బిత్తరపోయింది. "నిన్నేందన్నా? ఫోన్లో పద్నాలుగన్యారు. మీ ఆఫీసోళ్లు పద్నాలుగంటే పదైదే గదా?"

"అదేం లెక్క?"

"నువ్వు ఎప్పుడూ ఒకదినం ముందు చెప్తావు గదన్నా. మొదుట్లో నీ మాటిని వచ్చి ఉత్తనే కూసోనిపోయినోళ్లు ఉండారు. కోర్టులో అడిగితే రేపనేవోళ్లు. అప్పటినుంచీ మా ఊర్లో అందరమూ నువ్వు చెప్పినదానికి ఒకటి కలుపుకొని వస్తాండాము. పామిడోళ్లు గూడా అంతే." ఆమె గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఫలానా బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

ముప్పై ఏళ్లుగా జనాన్ని కోర్టుకు చేర్చింది తన తెలివి కాదని ఓబుళేసుకు అప్పుడు తెలిసింది. తన అబద్ధాన్ని వాళ్లే సరిదిద్దుకుని వచ్చారు, పాపం పెద్దమనిషి నొచ్చుకుంటాడని ఎవరూ అనలేదు.

సాక్ష్యం మూసేశారని చెప్పేసరికి మారెమ్మ గోడకు జారగిలబడింది. "ఇంగ నా చేను పోయినట్టేనా?" అంది.

"పోదులే, మళ్లీ తెరవమని పిటిషన్ ఏద్దాం" అంటూ ఓబుళేసు అలవాటు ప్రకారం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రాకపోవడానికి కారణం జ్వరం. ఏ వకీలు ఆఫీసులోనైనా అదే కారణం. తేదీ మార్చి ప్రింటు తీయడమే. రెండు వాక్యాలు టైపు చేసి చదివి వినిపించాడు.

"జరమా? నిన్న నేను ఉపాధి పనికి పోయినా గదన్నా. పని చూసే మేటీ హాజరుకని రెండుతూర్లు ఫోటో తీసి ఎక్కిచ్చినాడు. ఆ మేటీ ఎవరనుకుంటివి, తిప్పయ్య బామ్మర్దే."

ఓబుళేసు చేతులు ఆగిపోయాయి. జ్వరమని రాస్తే ఎదుటివాళ్లు ఆ ఫోటో తెచ్చి చూపిస్తారు. అబద్ధాలాడే మనిషని తేలితే సాక్ష్యం తెరవడం అటుంచి, ఆమె మాట ఇక ఏ కోర్టూ వినదు. నిజం రాస్తే చేను దక్కుతుందేమో. కానీ ఆ నిజం ఓబుళేసుది. నోరు మూసుకుంటే సాఫ్ట్‌వేర్ పోతుంది, డైరీ నిలుస్తుంది, ఆయన పరువూ నిలుస్తుంది. మారెమ్మ చేను తిప్పయ్యకు పోతుంది.

భోజనానికొచ్చిన చంద్రమోహన్ ముందు నిలబడి మొత్తం చెప్పేశాడు.

"ముప్పై ఏండ్లు నాకు గూడా చెప్పకుండా... ఏమప్పా నువ్వు!" అన్నాడు చంద్రమోహన్. "ఇది అఫిడవిట్‌లో రాస్తే బార్ అసోసియేషన్‌లో మనల్ని సంవత్సరం పొడుగూతా ఎగతాళి పట్టిస్తారు."

"పట్టిచ్చనీ సార్. మీ మీదికి రాకుండా నా పేరు మీదనే రాయండి. నేనే ప్రమాణం చేస్తా."

వేలాది అఫిడవిట్లు టైపు చేసినవాడికి తన పేరు మీద ఒకటి ఉండడం అదే మొదలు. అశ్విని రాసింది. ఆమె ఎక్కడా ఒక్క మాట మెత్తబరచలేదు, మెత్తబరచమని ఆయనా అడగలేదు.

సాఫ్ట్‌వేర్ ఉంచుకోవాలని ఆ రోజే తేలిపోయింది. అయితే పార్టీలంతా ఒకటి కలుపుకుంటూ పోతే ఇలాంటివి ఇంకా జరుగుతాయి. ఫోన్లో మాటను మనమే రికార్డు చేసుకునే వీలుంది, ఓబుళేసన్న గొంతుతోనే చెప్పిద్దామంది అశ్విని. ఆయన తలుపు వేయించుకుని రికార్డు చేశాడు. "నేను ఓబుళేసును మాట్లాడతాండా. ఇంగమీదట చెప్పేది అసలు తేదీనే. ఏమీ కలపొద్దండి."

పిటిషన్ ఇరవై రెండున విచారణకొచ్చింది. ఎదుటి వకీలు లేచి, ఇలాంటి సాకు తన ప్రాక్టీసులో వినలేదన్నాడు. మేడం అఫిడవిట్ రెండుసార్లు చదివి ఓబుళేసును ముందుకు పిలిచింది.

"ఎంతమందికి ఇట్లా తప్పు తేదీలు చెప్పారు?"

"అందరికీ మేడం. మంచిదే అనుకుంటి. తప్పయింది." కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తలెత్తలేదు.

"జ్వరం అని రాయకుండా వచ్చిన పిటిషన్ ఈ నెలలో ఇదొక్కటే. అనుమతిస్తున్నాను" అందామె. "సాక్షి ఈరోజు వచ్చి ఉంటే ఇప్పుడే తీసుకుంటాను. రాకపోతే ఇక అడగొద్దు."

నిన్న ఫోన్ వెళ్లింది, ఆకుపచ్చ గుర్తు పడింది. ఆ గుర్తు ఎంతవరకు పనికొస్తుందో ఓబుళేసుకు తెలుసు. పరుగున వరండాలోకి వచ్చాడు. చివరి బల్ల మీద మారెమ్మ కూర్చుని ఉంది.

సాక్ష్యం గంటన్నర సాగింది. ఎదుటి వకీలు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఆమె చేను హద్దులు, గట్టు మీది చింతచెట్లు పొల్లుపోకుండా చెప్పింది. బయటికొచ్చాక చంద్రమోహన్ ఆమెను మెచ్చుకుని వెళ్లాడు. పక్కనున్న పెద్ద గుడ్డ మూటను ఓబుళేసు అప్పుడు చూశాడు.

"ఇదేంది మారెమ్మా, ఇంత మూట?"

"సద్ది, దుప్పటి. రెండు దినాలకు తెచ్చుకున్యా."

"కలపొద్దని ఫోన్లో చెప్పినా గదా!"

"చెప్పినావు. గొంతు నీదే గదన్నా, యెట్ల నమ్మేది? ఈపొద్దొకటి, రేపొకటి, రెండు దినాలూ ఈడనే ఉండిపోదామని వచ్చినా."

"అయిపాయమ్మా. రేపు రాబన్లేదు, ఊరికి పో" అన్నాడు ఓబుళేసు.

మారెమ్మ మూట ఎత్తుకోలేదు. ఆయన మొహంలోకి చూసింది, తర్వాత అటూ ఇటూ చూసింది. ఓబుళేసుకు అర్థమైంది. మెట్లు దిగిపోతున్న అశ్వినిని వెనక్కి పిలిచాడు.

"అమ్మా, రేపు రాబన్లేదని నువ్వొక మాట చెప్పు ఈయమ్మకు."

అశ్విని చెప్పింది. అప్పుడు మారెమ్మ మూట భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచింది.