ఇంకా రెండు వీధులే

శాసనసభ్యుడుగారి ఎన్నికల చరిత్ర గురించి ఎవరినడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఇంట్లో ఏదైనా కీడు జరిగితే గెలుపు. అంతా సుఖంగా ఉంటే ఓటమి. ఈ సంగతి పార్టీ పెద్దలకు తెలుసు, ఎదుటి పార్టీకి తెలుసు, మూలమీది బడ్డీకొట్టువాడికీ తెలుసు. ఆయన భార్యకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ కీడులన్నీ ఆవిడ చేతుల మీదుగానే గడిచాయి.

మొదటిసారి మామగారు పోయారు. ఆ సీటు ఆయనదే. సభలో కూర్చున్న కుర్చీలోనే కన్నుమూశారు. ఆ రోజు సభ ముగిసి అందరూ లేచేదాకా పక్క కుర్చీ ఆయనకే తేడా తెలియలేదట, అంత నిశ్శబ్దంగా సేవ చేసిన మనిషి. ఉప ఎన్నికలో కొడుకు తండ్రి కళ్లజోడు చేత్తో పట్టుకుని వీధి వీధినా భోరుమన్నాడు. జనం కరిగిపోయారు.

రెండోసారి ఇంటిల్లిపాదీ గుండ్రాళ్లలా ఉన్నారు. ఏడవడానికి ఏమీ దొరక్క, పాపం, చేసిన పనుల గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. మొదటి మీటింగులో మొదటి అయిదు నిమిషాల్లోనే ఆ ముచ్చట అయిపోయింది. డిపాజిట్టు గల్లంతు.

మూడోసారి ప్రచారం మధ్యలో అత్తగారు పోయారు. బతికున్నన్నాళ్లూ ఎదురింటివాళ్లకీ పక్కింటివాళ్లకీ "మావాడికి ఓటెయ్యకండర్రా, కన్నతల్లి మాటే వినడు, మీ మాటేం వింటాడు" అని చెప్పిన మనిషి. పోయి మరీ కొడుకుని గెలిపించింది. నాలుగోసారి పార్టీ మారి నిలబడ్డాడు. పార్టీ మారాల్సి రావడమే తన జీవితంలో పెద్ద విషాదమని చెప్పి ఏడవబోతే జనం పడీ పడీ నవ్వారు. ఓడిపోయి, మళ్లీ పాత పార్టీకే చేరుకున్నాడు.

అయిదోసారి స్నానాలగదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ప్రత్యర్థులు దాడి చేశారని చెప్పాడు. ఆ సబ్బు ఏ పార్టీదో ఎవరూ అడగలేదు. ఎముక అతికిపోయినా కాలికి కట్టు మాత్రం ఓట్ల లెక్కింపు దాకా అలాగే ఉంది. ఒకనాడు హడావిడిలో కట్టు రెండో కాలికి చుట్టేస్తే, వ్యాను ఎక్కబోయే ముందు భార్యే చూసి మార్పించింది. గెలిచాక ఆయన సభలో ఒక్కసారి నోరు విప్పాడు. ఫ్యాను తిరగడం లేదన్నాడు. బాగుచేయించారు. అదొక్కటీ ఆయన సాధించిన పని.

ఇదిగో, ఇప్పుడు ఆరోసారి ముంచుకొచ్చింది.

ఆ రోజు ముందుగదిలో ఆయన మనుషులందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. వాళ్లకు పెద్ద 'మైకు'. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, పక్కన కూర్చున్నవాణ్ణి మంచినీళ్లు అడిగినా నాలుగు వీధులకు వినపడేట్టు అడుగుతాడు కాబట్టి అందరికీ మైకే. ఆవిడ వంటింట్లో టీ పోస్తూ ఉంటే ఆ గొంతు గోడలు దాటి వచ్చింది.

"ఈసారి మన దగ్గర ఏముందన్నా? చూస్తే మీరు నిక్షేపంగా ఉన్నారు. పిల్లాజెల్లా లేరాయె. పోనీ మీ బాబాయిగారు ఎలా ఉన్నారు?"

"పొద్దున్నే ఈతకి పోతున్నాడు," అన్నాడు శాసనసభ్యుడు నీరసంగా.

"ఛ!"

శాసనసభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "మీ వదినకి గుండె బాగాలేదంటున్నారు. కవాటం ఒకటి పాడైందట. ఆపరేషన్ చెయ్యాలంటున్నాడు డాక్టరు."

ఆవిడ చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది. నాలుగు రోజుల కిందట మేడమెట్ల మీద ఊపిరాడక కూలబడిపోయింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పొద్దని ఈయన దగ్గర మాట తీసుకుంది.

"అన్నా!" అన్నాడు మైకు. ఉద్యోగం వచ్చిందని కబురు విన్నవాడి గొంతు అది. "ఇంత మాట కడుపులో పెట్టుకుని ఇంతసేపు మమ్మల్ని ఏడిపిస్తారా?"

ఆవిడ టీ తీసుకుని గదిలోకి వెళ్లేసరికి అందరూ లేచి నిలబడ్డారు. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆవిడను చూసి ఎవరైనా లేచి నిలబడడం అదే మొదలు. మైకు ఆవిడ చేతిలోంచి పళ్లెం లాక్కున్నంత పని చేశాడు. "మీరు కూర్చోండి వదినా. మీ ఆరోగ్యం ఇప్పుడు మాకు చాలా ముఖ్యం," అన్నాడు.

మర్నాడు డాక్టరు గదిలో శాసనసభ్యుడుగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పోలింగు అయ్యేదాకా ఆగదాండీ?"

గుండె డాక్టరు నడివయసు మనిషి. ముక్కుసూటిగా మాట్లాడుతుంది. కాగితం మీదనుంచి తల ఎత్తి చూసింది. "పోలింగు నెల తర్వాత కదండీ. ఆవిడ గుండెకి ఆ సంగతి తెలీదు. వచ్చే వారం చెయ్యాలి. అందాకా మెట్లెక్కకూడదు, ఎండలో తిరక్కూడదు. ఆలస్యం చేస్తే నేను చేతులెత్తేయాల్సి వస్తుంది."

బయటికొచ్చి కారెక్కాక ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఎంత ప్రేమగా పట్టుకున్నాడంటే, ఆవిడకు ఆ క్షణంలో ఆపరేషన్ భయం సగం పోయింది.

"డాక్టర్లు అలాగే బెదరగొడతారు," అన్నాడు. "ఒక్క నెల ఓపిక పట్టు. గెలిచామనుకో, రాజధానిలో పెద్దాసుపత్రిలోనే చేయిద్దాం. ఓడిపోతే మనల్ని పలకరించేవాడు కూడా ఉండడు. నేను చెప్పేది నీ మంచికే కదా?"

"నాకు భయంగా ఉందండీ," అంది ఆవిడ.

"అదే, ఆ మొహమే. వ్యాను మీద కూడా అలాగే పెట్టు."

ఆవిడకు ఒళ్లు మండింది. కానీ సరేనంది. ఎందుకందో చెల్లెలు తర్వాత పదిసార్లు అడిగింది. కట్టు ఏ కాలికుందో చూసుకునే పని ఎప్పుడూ ఆవిడదే. ఇప్పుడు కట్టు తన ఒంటికి చుడుతున్నారని మనసుకు పట్టడానికి టైం పట్టింది, అంతే.

చెల్లెలికి లాండ్రీ ఉంది. బావగారి తెల్లబట్టలన్నీ అక్కడే ఉతుకుతారు. "మా బావ బట్టలకి ఉన్న తెలుపు చూసి మనిషిని నమ్ముతున్నారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది," అంటూ ఉంటుంది. విషయం తెలియగానే దుకాణం మూసేసి, చిన్న సంచీలో అక్క బట్టలు సర్ది, ఊళ్లోనే ఉన్న ఆస్పత్రిలో తనే వెళ్లి ఆపరేషన్ తేదీ రాయించి వచ్చింది.

"ఎల్లుండే నిన్ను చేర్చుకుంటారు. నేనొచ్చి తీసుకెళ్తా. బావతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేను చెప్తాలే," అంది అక్క. చెప్పలేదు. ఆయనకై ఆయనే, ప్రచారం మధ్యలో ఒకరోజు ఆగి, 'ఇక చాల్లే, పద ఆస్పత్రికి' అంటాడని లోపల్లోపల ఎదురుచూస్తూ ఉంది. అనిపించుకోవాలని ఉంది. ఆ ఒక్క మాట కోసం, నిజం చెప్పాలంటే, ప్రాణం మీదికి తెచ్చుకుంది.

వ్యాను మీద ఆవిడకు కుర్చీ వేశారు. తల దువ్వుకోవద్దన్నాడు మైకు. వెలిసిపోయిన బట్టలు కట్టుకోమన్నాడు. మంచినీళ్ల సీసా చేతికిచ్చి, మధ్యమధ్యలో వణుకుతూ తాగమన్నాడు. ఆవిడ వణుకు నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఎండకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. గుండె ఒకసారి పరిగెత్తుతోంది, ఒకసారి ఆగి దారి వెతుక్కుంటోంది.

"నా ఇల్లాలు చావుతో పోరాడుతోంది!" అని ఆయన మైకులో గొంతు బొంగురుపోయేలా అంటున్నాడు. "ఆస్పత్రిలో ఉండాల్సిన మనిషి! అయినా ఏమంది? 'నా ప్రాణం కంటే మన జనమే ఎక్కువండీ' అంది!"

ఆ మాట ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి విన్నది.

జనం కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన పాచిక ఎంత బాగా పారుతోందంటే, మైకు కిందనుంచి రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించాడు. అప్పుడు ఒక ముసలావిడ జనంలోంచి తోసుకుంటూ వచ్చి, వ్యాను పక్కన నిలబడి, చెయ్యి చాచి ఆవిడ మోకాలు పట్టుకుంది.

"ఏమ్మా, అంత బాగోకపోతే ఇక్కడేం చేస్తున్నావు తల్లీ? నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరా?"

ఎవరూ అడగని ప్రశ్న. సూటిగా, కూతుర్ని అడిగినట్టు అడిగింది. ఆవిడ మొగుడివైపు చూసింది. ఆయన ముసలావిడను చూసి చెయ్యి ఊపి, "చూశారా, ఎంత ప్రేమో!" అని మైకులో చెప్పి మళ్లీ ప్రసంగంలో పడిపోయాడు.

అంతే. ఆ ఒక్క మాట ఇక రాదని తేలిపోయింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, కమ్మీ పట్టుకుని, మెల్లిగా ఒక్కొక్క మెట్టే దిగింది. ముసలావిడ చెయ్యి అందించింది. ఆస్పత్రిలో చేర్చుకుంటామన్న రోజు అదే. వీధి చివర చెల్లెలు ఆటో ఆపుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మొహం గంటు పెట్టుకుని చూస్తోంది.

శాసనసభ్యుడుగారు కంగారుగా వ్యాను దిగాడు. మైకు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒకేసారి ఆవిడకు అడ్డం వచ్చారు. మాట్లాడే హడావిడిలో ఆయన చేతిలో మైకు అలాగే ఉండిపోయింది, ఎవరూ ఆపలేదు.

"ఎక్కడికే?"

"ఆస్పత్రికండీ. ఊపిరి ఆడట్లేదు."

"ఇప్పుడా? మార్కెట్టు దాకానైనా ఉండు. అక్కడ జనం బాగా ఉంటారు."

"ఇంకా రెండు వీధులే వదినా!" అన్నాడు మైకు, అలవాటు కొద్దీ అరుస్తూ. "అవి కానిచ్చి వెళ్లండి. కావాలంటే అక్కడ కళ్లు తిరిగి పడిపోండి, మేం పట్టుకుంటాం!"

కరెంటు స్తంభాల మీద కట్టిన లౌడుస్పీకర్లన్నీ ఆ మాటల్ని పొల్లుపోకుండా చెప్పాయి. మార్కెట్టులో కూరగాయలు తూచేవాళ్లకీ, మేడల మీద బట్టలు ఆరేసేవాళ్లకీ, దుకాణాల్లో బేరాలాడేవాళ్లకీ అందరికీ స్పష్టంగా వినిపించింది. తర్వాత ఎవరో ఒకరు నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చేతిలో మైకు వంక చూసుకున్నాడు. అప్పటికి ఆవిడ ఆటో ఎక్కేసింది. ముసలావిడ ఆటో పక్కనే నిలబడి, "నువ్వు పోమ్మా, ఈ రెండు వీధులూ మేం చూసుకుంటాంలే," అంది.

చూసుకున్నారు కూడా.

ఆపరేషన్ జరిగిన రోజు ఆయన వచ్చాడు. ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సు గుమ్మంలోనే అడ్డుపడి, లోపలికి ఒక్కరే రావాలంది. ఫొటోగ్రాఫరుని లోపలికి పంపితే తను బయట ఉండాలి, తను వెళ్తే ఫొటో ఉండదు. కాసేపు గుమ్మం దగ్గర నిలబడి ఆలోచించుకుని, ఏదీ తేలక వెళ్లిపోయాడు. ఇదంతా చెల్లెలు అక్కకి చెప్పలేదు. నర్సు చెప్పింది, నవ్వుకుంటూ.

కుట్లు మానక డాక్టరు ఇంకా ఇంటికి పంపలేదు గానీ, ఓట్లు లెక్కపెట్టే రోజుకి ఆవిడ ఆస్పత్రి వార్డులో దిండుకి ఆనుకుని కూర్చోగలుగుతోంది. గోడమీద టీవీలో ఆయన ఫొటో కనిపించింది, కింద అంకెలు పడిపోతున్నాయి. పక్క మంచం మీదావిడ, ఎవరో తెలియక, "వీడేనమ్మా, పెళ్లాన్ని వ్యానెక్కించి తిప్పినవాడు," అని చూపించింది. ఆవిడ అవునా అంది. డిపాజిట్టు మళ్లీ గల్లంతు.

సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చాడు. మైకు లేడు, మనుషులు లేరు, చొక్కా నలిగిపోయి ఉంది. స్టూలు మీద కూర్చున్నాడు. పెదవి వణికింది. ఏడుస్తాడనుకుంది. ఆయన ఏడవబోయి, అలవాటుగా అటూ ఇటూ చూశాడు. వార్డులో ఎవరూ ఆయన్ని చూడడం లేదు. ఏడుపు ఆగిపోయింది.

ఆవిడ గుండెల మీద కట్టు వంక చూస్తూ, మెల్లిగా అడిగాడు. "కొత్త కవాటం ఎలా ఉందటే? ఎన్నాళ్లు వస్తుందన్నాడు డాక్టరు?"

డాక్టరు ఆడమనిషని కూడా గుర్తులేదు. అయినా సరే, ఆవిడకు మనసు కరిగింది. పెళ్లై వచ్చాక తన ఒంటి గురించి ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట అది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చాలా ఏళ్లు వస్తుందటండీ. పది, పదిహేనేళ్లకి ఢోకా లేదంది."

ఆయన మొహం వాడిపోయింది. దాచుకుందామనుకున్నాడు గానీ చేతకాలేదు. పెదవుల మధ్య ఏదో లెక్క వేసుకున్నాడు. "పదిహేనేళ్లంటే మూడు ఎన్నికలు," అన్నాడు తనలో తాను.

ఆవిడ కళ్లలో నీళ్లు అక్కడే ఆరిపోయాయి. నవ్వొచ్చింది. కుట్లు నొప్పి పెడతాయని చేత్తో కట్టు అదుముకుంటూ నవ్వింది. పక్క మంచం ఆవిడ తిరిగి చూసి, అప్పుడు గుర్తుపట్టి, నోరు వెళ్లబెట్టింది.

"మామగారయ్యారు, అత్తగారయ్యారు, నేనూ అయిపోయాను," అంది ఆవిడ. "ఇక ఇంట్లో మిగిలింది మీరేనండీ. వచ్చేసారి మీ వంతు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. బయట వరండాలో అడుగుల చప్పుడైంది. మైకు గొంతు అక్కడ్నుంచే వినపడుతోంది: "అన్న లోపలున్నాడా? ఎలా ఉన్నాడు? ఆరోగ్యం అదీ బాగానే ఉందా?"

శాసనసభ్యుడుగారు, ఇప్పుడు మాజీ, చటుక్కున లేచి తలుపు దగ్గరికి పోయి లోపల్నుంచి గడియ వేశాడు.