సోమమ్మ చిల్లుకాణీలు

సోమమ్మ దగ్గర ఒక ఊరగాయ జాడీ నిండా రాగి చిల్లుకాణీలు ఉన్నాయి. తల్లి ఇచ్చిపోయినవి. వయసులో ఉన్నప్పుడు ఆ తల్లి మరైగూడ చుట్టుపక్కల అడవిలో తునికాకు కోసేది. ఒక వేసవి ఆకు గుత్తకు తీసుకున్న ఠేకేదారు కూలి మొత్తం చిల్లుకాణీలుగా లెక్కపెట్టి ఇచ్చి, లారీ ఎక్కి వెళ్లిపోయాడు. అప్పటికే కొత్త పైసలు వచ్చేశాయి. సంతలో ఈ కాణీలను ఎవరూ ముట్టలేదు. తోటి ఆడవాళ్లు విసిరికొట్టారు. ఆమె మాత్రం దాచింది. ఎందుకని అడిగితే, "పారేస్తే నేను పనే చెయ్యనట్టు" అనేది.

ఈ ఏడాది వానలకు ముందు అటక సర్దుతుంటే ఆ జాడీ హరిబాబు కంటబడింది. హరిబాబు సోమమ్మ మరిది. అన్న పోయిన నాటి నుంచి ఇంటి పెద్దరికం తనదే అనుకునే మనిషి. పాత నాణెం ఒక్కటుంటే లక్షాధికారివే అని చెప్పే వీడియోలు అతను ఫోన్లో చాలానే చూశాడు. కాణీలను ఫొటో తీసి ఏదో నంబరుకు పంపాడు. చాలా అరుదైనవి, కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి వదిన అన్నం తిన్నదా లేదా అని కూడా అడగసాగాడు. ఫీజు కోసం ఆమె మేకను అమ్ముదామన్నాడు.

"కొనేటోడు మనకియ్యాలె గాని, మనమే ముందుగాల ఇచ్చుడేంది?" అంది సోమమ్మ.

అవన్నీ నీకు తెలియవని అతను కొట్టిపారేశాడు.

"తెల్వకుంటే పోయి తెల్సుకుంటా."

అన్నట్టే కోడలు స్రవంతిని వెంటబెట్టుకుని, జాడీని చీరకొంగులో మూటగట్టుకుని జగదల్‌పూర్ బస్సెక్కింది.

అక్కడ పాత నాణేలు కొనే దుకాణంలో ఒక ముసలి సేటు కాణీలను గుడ్డమీద పోసి, ఒక్కోదాన్నీ భూతద్దంలో చూశాడు. చాలాసేపు చూసి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. స్రవంతి అత్తకు తెలుగులో చెప్పింది. ఆ రోజుల్లో ఇవి కుప్పలు తెప్పలుగా వచ్చాయట. పైగా అరిగిపోయాయట. అన్నీ కలిపి ఇస్తే ఒక మామూలు చీరకు సరిపడా ఇస్తాడట.

ఎవరికీ చెప్పలేదు గానీ, మనసులో సోమమ్మ అప్పటికే కొత్త రేకులు కొనేసి ఇంటిమీద కప్పేసింది కూడా.

"అస్లీ హై?" అని తానే అడిగింది.

పూర్తిగా అసలైనవే అన్నాడు సేటు. ఆమె కాణీలన్నీ తిరిగి జాడీలో పోసుకుంది. అతను ధర కాస్త పెంచినా తల అడ్డంగా ఊపి బయటికొచ్చింది. బస్సులో స్రవంతి నిద్రపోయాక కళ్లు ఒత్తుకుంది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం ఎవరిమీదో తేల్చుకునేలోగా బస్సు వాళ్లు దిగాల్సిన కొంటా ఊరు చేరింది.

బస్సు ఛార్జీలు దండగన్నాడు హరిబాబు. ఆ రాగిముక్కలను పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నాడు.

మర్నాడు సోమమ్మ పొరుగింట్లో ఉండే కోసి అనే ఆమె దగ్గరకు వెళ్లింది. కోసి దోర్ల తెగ మనిషి, మెడలో ఎప్పుడూ రూపాయి బిళ్లల దండ ఉంటుంది. ఇద్దరూ కూర్చుని కాణీలను చింతపండుతో తోమారు. రాగి ఎర్రగా తేలింది. చిల్లులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి కోసి వాటిని గట్టి దారానికి ఎక్కించి, ఇవతలి కొస అవతలి కొస కలిపి సోమమ్మ మెడలో ముడివేసింది.

సంతరోజు పొద్దున ఇప్పపువ్వు గంప ఎత్తుకుని సోమమ్మ బయల్దేరబోతే హరిబాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వదినా, అన్న పోయినంక మెడల దండేంది? నలుగురు ఏమంటరు?"

"ఇవి పైసలు గావని సంతోళ్లు అన్నరు. లక్షలు గావని సేటు అన్నడు. ఉత్త రాగిముక్కలని నువ్వే అన్నవు. గదే నేను ఏసుకుంటే మీకు నొప్పేంది? ఇది మా అమ్మ కూలి."

"తీసెయ్యి."

"తియ్య."

ఆమె గంప దించలేదు, గొంతూ పెంచలేదు. అతని కళ్లలోకి చూస్తూ అలాగే నిలబడింది. లోపలి నుంచి స్రవంతి రెండో గంప ఎత్తుకుని వచ్చి అత్త పక్కన నిలిచింది. కాసేపటికి హరిబాబే పక్కకు తప్పుకున్నాడు.

సంతలో ఆడవాళ్లు దండ పట్టుకుని చూశారు. ఎక్కడిదని అడిగిన ప్రతి మనిషికీ సోమమ్మ మొదటి నుంచి చెప్పింది, తల్లి నోట విన్న ఠేకేదారు పేరుతో సహా. ఇప్పపువ్వంతా అమ్ముడుపోయి, ఆటోవాడు హారన్ కొడుతున్నా ఆమె కదల్లేదు. ఉల్లిగడ్డలమ్మే ఆమెకు ఇంకా సగమే చెప్పింది మరి.