వెనక స్పీకర్ల కింద మూట

మా వీధి తాష్తాన్‌కి భయమనేది లేదని ఓష్‌లో సగం ఊరికి తెలుసు. మిగతా సగానికి అతనే చెప్పుకున్నాడు. కొండ కనుమ దాటి రాజధాని బిష్కెక్ వెళ్ళొచ్చే డ్రైవర్లలో కారు అద్దానికి తాయెత్తు కట్టనివాడు, ప్రయాణానికి ముందు దిష్టిపొగ వేయించుకోనివాడు అతనొక్కడే. "బ్రేకులు బాగుంటే తాయెత్తెందుకు? బ్రేకులు పోతే తాయెత్తేం చేస్తుంది?" అనేవాడు.

వాళ్ళమ్మ ఒరోజ్‌బుబుకి ఆ మాట వింటే గుండె గుభేలుమనేది. ఆవిడ బెంగంతా ఒక రొట్టె గురించి. కొన్నేళ్ళ కిందట తాష్తాన్ రష్యాకి ఇళ్ళు కట్టే పనికి వెళ్ళేటప్పుడు, అందరి తల్లుల్లాగే ఆవిడా గుమ్మంలో రొట్టె పట్టుకుని నిలబడి ఒక ముక్క కొరికించింది. మిగిలింది గుడ్డలో కట్టి గోడకి వేలాడదీసింది. వెళ్ళినవాడు తిరిగొచ్చి దాన్ని పూర్తిచెయ్యాలి, అప్పుడే ప్రయాణం ముగిసినట్టు. తాష్తాన్ తిరిగొచ్చాడు గానీ రొట్టె ముట్టుకోలేదు. "అమ్మా, అది రొట్టా, తిరగలి రాయా? నా పళ్ళు కట్టించడానికి మళ్ళీ రష్యా పోవాలి" అని నవ్వేశాడు. అప్పట్నుంచీ కొడుకు గడపలో అడుగుపెట్టినప్పుడల్లా ఆవిడ ఒకటే మాట. "నువ్వింకా రాలేదురా."

ఆ ఏడాది అక్టోబర్లో, కూతురు బిడ్డని ఉయ్యాల్లో వేసే వేడుకకి, తల్లినీ భార్య సాయ్రానీ కారెక్కించుకుని అతను బిష్కెక్ బయల్దేరాడు. అంతకు ముందే కారుకి కొత్త స్టీరియో పెట్టించాడు. బజారులో కొత్తగా కొట్టు తెరిచిన మనిషెవడో కారుని ఒక రాత్రి తన దగ్గరే ఉంచుకుని పొద్దున అప్పగించాడు. ముందు రెండు స్పీకర్లూ అదిరిపోతుంటే వెనకవి మోగుతున్నాయో లేదో వినాలని ఎవరికి తోస్తుంది? ఇదంతా సాయ్రా నాకు చెప్పిందే. ఉప్పూ కారం మాత్రం నావి.

తోక్తోగుల్ ఊరు దాటేసరికి వెనక సీట్లోంచి ముసలావిడ మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఈ పాటలు నీ ఒక్కడికేనా? ఇక్కడ నాకు గొణుగుడు తప్ప ఏం వినపడ్డంలేదు."

"రిపేరు చేయించాల్సింది నీ చెవులకమ్మా."

"నా చెవులకేం? గోడవతల నువ్వు గొణిగినా వింటా."

సాయ్రా వెనక్కి వంగి చెవి పెట్టింది. అత్తగారి మాటే నిజం. వెనక స్పీకర్లు రెండూ మూగపోయి ఉన్నాయి.

చిచ్కన్ ఏటి ఒడ్డున భోజనానికి ఆగారు. ముసలావిడ నీళ్ళ కూజా పట్టుకుని చెట్ల చాటుకి నమాజుకి వెళ్ళింది. తాష్తాన్‌కి రోషం పొడుచుకొచ్చింది. కొత్త స్టీరియో పెట్టించుకుని సగం పాట వినడమేమిటి?

ముందు స్టీరియో తెరమీద చూశాడు. ఒక్కోసారి శబ్దమంతా ముందుకే తోసేసి ఉంటుంది. దాన్ని మొత్తం వెనక్కి జరిపాడు. కారంతా నిశ్శబ్దమైపోయింది. అంటే స్పీకర్లయినా చచ్చిపోయి ఉండాలి, తీగైనా తెగి ఉండాలి. డిక్కీ తెరిచి, మూటలు కిందికి దించి, లోపల వెల్లకిలా పడుకున్నాడు. వెనక అద్దం కింది పలకకి బిగించిన స్పీకర్లు మొహం మీదే వేలాడుతున్నాయి. టార్చిలో బ్యాటరీ తీసి స్పీకరు తీగల రెండు కొసలకీ తాకించాడు. టక్ మంది. రెండోదీ టక్ మంది.

"ప్రాణాలున్నాయే వీటికి! ఎక్కడో తీగ ఊడింది" అన్నాడు.

తీగ వెంట చెయ్యి పోనిచ్చాడు. అది పలక కిందినించి మూలకి పోయింది. ఆ మూలలో, ఇనపరేకుకీ పైన బట్టకీ మధ్య సందులో చేతికేదో తగిలింది. లాగాడు. నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గోధుమరంగు టేపుతో అంగుళం వదలకుండా బిగించిన పొట్లం. ఇటుకలా గట్టిగా ఉంది. అది ఇరికించినప్పుడే తీగల అతుకు ఊడిపోయినట్టుంది.

తాష్తాన్ డిక్కీలోంచి లేవబోయి తల కొట్టుకున్నాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"సాయ్రా," అన్నాడు. "మనం అయిపోయాం."

అతను చెప్పక్కర్లేదు. ఆ దారిలో తిరిగేవాళ్ళకి అలాంటి పొట్లం అంటే ఒకటే అర్థం. ఎవడో మత్తుమందు సరుకు తెచ్చి ఇంకొకడి కారులో దాస్తాడు. పట్టుబడితే కారు తోలేవాడు జీవితమంతా జైల్లో. పైన, మలుపు దాటగానే చెక్‌పోస్టు. అక్కడ వాసన పట్టే కుక్క.

"ఆ స్టీరియోవాడే! ఎప్పుడు బయల్దేరతావన్నా అని రెండుసార్లు అడిగాడు. నేను వెర్రివెధవలా చెప్పాను."

"విప్పి చూడండి ముందు."

"విప్పితే వేలిముద్రలు పడవూ?"

"రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డారు, ఇంకెక్కడ పడాలి వేలిముద్రలు?"

అతను పొట్లాన్ని కింద పడేశాడు. మళ్ళీ తీశాడు. కోటు కింద దాచాడు. రోడ్డు మీద లారీ ఏదో నెమ్మదిగా పోతుంటే, అందులో వాళ్ళు తననే చూస్తున్నారనిపించింది. పొట్లం తాలూకు మనుషులు వెనకే వస్తున్నారేమో. పోస్టుకి వెళ్ళి నిజం చెబితే? ఎవడు నమ్ముతాడు? పారేస్తే, సరుకేదని ఇంటికొస్తారేమో. విప్పి చూడమని ఇంకోసారి అనడానికి సాయ్రాకీ ధైర్యం చాలలేదు. లోపల ఏముందో తెలియకుండా ఉంటేనే నయమనిపించిందట.

అతను ఒడ్డుకి పరిగెత్తి పొట్లాన్ని బలంకొద్దీ విసిరాడు. ఎక్కడ పడిందో చూడకుండానే వెనక్కొచ్చి, తీగలు మెలితిప్పి టేపు వేశాడు. వెనక స్పీకర్లు గొంతెత్తి పాడాయి.

ముసలావిడ వచ్చి ఆ పాట విని మొహం విప్పార్చుకుంది. అంతలోనే తెరిచి ఉన్న డిక్కీ వైపు చూసింది. "ఎలా బాగుచేశావురా?"

"తీగ ఊడింది, అంటించా. ఎక్కు త్వరగా!"

ఆవిడ డిక్కీ వైపు ఇంకోసారి చూసి కారెక్కింది. మూల సీట్లో ముడుచుకుని కూర్చుంది.

చెక్‌పోస్టు దగ్గర కారాపి డిక్కీ తెరవమన్నారు. కుక్క మూటలన్నీ వాసన చూసింది. తాష్తాన్‌కి లోపల ఏమీ లేదని తెలుసు. అయినా చొక్కా వీపుకి అంటుకుపోయింది. పొట్లం వాసన చేతులకి ఉంటుందేమోనని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"ఏంటన్నా, ఇంత చలిలో చెమటలు పడుతున్నాయి?" అన్నాడు పోలీసు.

"అత్తాకోడళ్ళని ఒకే కారులో ఎక్కించుకుని రా తమ్ముడూ, నీకూ పడతాయి."

పోలీసు నవ్వి అడ్డకర్ర ఎత్తాడు. మలుపు తిరగ్గానే తాష్తాన్ గట్టిగా ఊపిరి వదిలి, స్టీరియో పెంచి, దానితోపాటు తనూ పాడాడు. చచ్చి బతికినవాడి పాట అది.

అప్పుడు వెనకనించి తల్లి ముందుకి వంగింది. "ఒరేయ్, వాళ్ళు దాన్ని తీసుకోలేదు కదా?"

"దేన్ని?"

"నల్ల సంచిది. నువ్వు చూస్తే నవ్వుతావని నిన్న మూటలు సర్దేటప్పుడు పైన సందులో దాచా. ఎలక కొట్టకుండా టేపు చుట్టా. మంచు పడే రోజులు, ఈ దారిలో అది నీ దగ్గరుంటే నాకు నిద్ర పడుతుందని."

కారు దానంతటదే ఆగిపోయినట్టు ఆగింది. "ఏముందమ్మా అందులో?"

"నీ రొట్టె."

సాయ్రా చెయ్యి చాచి పాట ఆపేసింది. ఎదురుగా అలాబెల్ కనుమ తెల్లగా నిలబడి ఉంది. అబద్ధం చెప్పడం తేలిక. పోలీసులు తీసుకున్నారంటే సరిపోయేది. తాష్తాన్ నోరు తెరిచి ఆ మాటే అనబోయాడు గానీ, అద్దంలో తల్లి కళ్ళు కనిపించాయి.

"ఏట్లో పడేశానమ్మా."

"రొట్టెనా?"

మా దగ్గర రొట్టెముక్క నేలమీద కనిపిస్తే దొంగైనా తీసి కళ్ళకద్దుకుని గోడమీద పెడతాడు. ముసలావిడ తిట్టలేదు, శపించలేదు. కొడుకు భుజాన్ని వెనకనించి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఈ కనుమ ఎక్కకు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎక్కకు."

మామూలుగా అయితే ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాడే. ఆ రోజు తలెత్తి కనుమని చూశాడు. లెక్కలేనన్నిసార్లు దాటిన దారి. ఇప్పుడు దాని మీద జారిన లారీలూ, మంచు కింద పోయిన స్నేహితులూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాళ్ళందరూ తనకంటే బాగా తోలేవాళ్ళే. బ్రేకులు బాగున్నాయని తెలుసు. అయినా భయం వేసింది. పొట్లం పట్టుకున్నప్పటి భయం దీనిముందు ఎందుకూ పనికిరాదు.

కారు వెనక్కి తిప్పాడు.

చెక్‌పోస్టులో పోలీసు అనుమానంగా చూశాడు. "ఏమన్నా, ఏదైనా మరిచిపోయారా?"

"రొట్టె పారేసుకున్నా" అన్నాడు తాష్తాన్. "ఇల్లు వదిలినప్పుడు కొరికింది."

పోలీసు నవ్వలేదు. అతని తల్లి గోడకీ ఏదో వేలాడుతూ ఉండుంటుంది. డిక్కీ తెరవమనకుండానే అడ్డకర్ర ఎత్తాడు.

ఏరు అప్పటికే నీడలో పడింది. సాయ్రా పైనుంచి కిందికి, తాష్తాన్ కిందినుంచి పైకి వెతికారు. ముసలావిడ ఒడ్డున నిలబడి పెదవులు కదుపుతోంది. అంత వడిగా పోయే నీళ్ళలో ఇంకా ఏం ఉంటుందని సాయ్రా ఆశ వదిలేసుకుంది. అప్పుడు తాష్తాన్ బూట్లతోనే నీళ్ళలోకి దిగడం చూసింది.

పొట్లం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. విసిరిన విసురుకి రాయి తగిలి టేపు చిరిగింది. సంచిలోకి నీళ్ళు చేరాయి. ఇన్నేళ్ళుగా సుత్తితో కొట్టినా పగలని రొట్టె నాని మెత్తబడింది. అంచున అతని పంటిగాటు ఇంకా ఉంది.

అతను ఒడ్డుకి రాలేదు. మోకాళ్ళలోతు మంచునీళ్ళలో నిలబడి, పళ్ళు టకటకలాడుతుంటే, ఆ గాటు దగ్గరే కొరికాడు. ఇసక కరకరలాడింది. ఏడుస్తున్నాడో, నీళ్ళు చిందాయో సాయ్రాకి తెలియలేదు.

"రెండు చేతులతో పట్టుకో!" అని అరిచింది తల్లి. "ముక్క జారనివ్వకు!"

ఆఖరి ముక్క వరకూ తిన్నాడు. అరచేతిలో మిగిలిన పిండి కూడా నాకేసి, నీళ్ళోడుతూ ఒడ్డెక్కాడు. ముసలావిడ తన శాలువా తీసి అతని భుజాల చుట్టూ కప్పి, మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చావురా?" అంది.

"వచ్చేశానమ్మా" అన్నాడు తాష్తాన్.