లేహ్యం వాసన

మొగుడికి పిచ్చెక్కిందంటే ఏ ఆడదీ సంతోషించదు. అయినా అది గంజాయి పిచ్చి అని అత్తగారు చెప్పినప్పుడు నాగమల్లేశ్వరి ప్రాణం కుదుటపడింది. అలవాటయితే మాన్పించవచ్చు కదా!

యుద్ధం రోజులవి. పెడనలో నూలు దొరక్క సగం మగ్గాలు మూలపడ్డాయి. దొరికిన కాస్త నూలునూ వీరభద్రయ్య పాడుచేస్తున్నాడు. అంచు తప్పు నేసి, పోగులు తనను తిడుతున్నాయంటూ మగ్గం గుంటలోంచి లేచి పరుగెత్తేవాడు. అతని కండువా కొసన రోజూ గంజాయి లేహ్యం వాసన.

బెజవాడ తీసుకెళ్తే డాక్టరు తేల్చి చెప్పాడు.

"గంజాయి వల్లయితే, మానిన కొన్నాళ్లకి తెలివి దారిన పడుద్దమ్మా. మానినా పడలేదంటే అది అసలు జబ్బే. అంచు సరిగ్గా నేస్తున్నాడేమో చూస్తుండు."

ఇంకేముంది, నాగమల్లేశ్వరి కొంగు బిగించింది. పెట్టెలు, చూరు, బియ్యపు కుండ అన్నీ గాలించింది. లేహ్యం దొరకలేదు, వాసన పోలేదు. ఎవరో చాటుగా తెచ్చి పెడుతున్నారనుకుంది. మొగుడితో అరుగు మీద కూర్చునేవాడు ఒక్కడే, గుడ్డలకు రంగులద్దే ఖాజా మొహిద్దీన్. నలుగురిలో అతన్ని నానా మాటలూ అని, మళ్లీ గడప తొక్కవద్దంది. అతను చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. అత్తగారు వెంకటరావమ్మ పక్కనే నిలబడి, బాగా బుద్ధి చెప్పావని మెచ్చుకుంది.

ఆ మహాతల్లే ఒకనాటి పొద్దున, దండెం మీద ఆరేసిన కండువా దించి, రొంటినున్న చిన్న డబ్బా తీసి, కొసకు లేహ్యం రాస్తూ కోడలి కంటబడింది.

నాగమల్లేశ్వరి ఆ కండువా లాక్కుంది. ముసలావిడే చెప్పుకొచ్చింది. కొడుకు ఏనాడూ గంజాయి ముట్టలేదట. పెళ్లికి ముందు కూడా ఒకసారి ఇలాగే అయిందట.

"గంజాయంటే ఎప్పటికైనా మానతాడని ఆశ పెట్టుకుని ఉంటావు. జబ్బంటే పుట్టింటికి పోవూ?" అంది, కోడలికేదో మేలు చేసినట్టు.

పెళ్లినాటి మోసం ఒక ఎత్తు. తాను పిచ్చిదానిలా ఇల్లంతా వెతుకుతుంటే ఈవిడ చూస్తూ కూర్చోవడం మరో ఎత్తు. పాపం, ఆ మొహిద్దీన్‌ను ఎన్నెన్ని మాటలంది! ఇక మాన్పించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

కండువా పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లింది. వీరభద్రయ్య అంచు పోగులు ఎంచుతూ, మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి ఎంచుతున్నాడు.

"ఏవండీ, దీనికి అత్తయ్య లేహ్యం రాస్తందని మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడతను, తల ఎత్తకుండానే. "నీకు చెప్పొద్దంది అమ్మ."

పొద్దున చెప్పిన పోగుల లెక్క మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి, ఆ ఒక్క మాట మాత్రం ఇన్నాళ్లూ మరిచిపోలేదు.