ఇది ఏడుపు కాదు

కుళాయక్క తల వెనక్కి వాల్చి, ఎడమచేత్తో కింది రెప్పను లాగి పట్టుకుని, మందు సీసాను కంటి మీదికి వంచి నొక్కింది. చుక్క వెళ్ళి చెంప మీద పడింది. "నీ మొహం మండా" అని సీసాను తిట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి దారికొచ్చింది. రెండో కంట్లోనూ వేసుకుని, రెప్పలు మూసి, కుర్చీకి చేరగిలబడింది. ఎదురుగా కంప్యూటరు తెర పైఅంచున పసుప్పచ్చ గీత వెలిగే ఉంటుందని ఆమెకి చూడకుండానే తెలుసు. వెలిగితే వెలగనీ అనుకుంది.

ఆ గీత సంగతి చెప్పాలి. ఆ హాల్లో ప్రతి తెర నెత్తినా గోళీకాయంత కెమెరా ఒకటుంది. మనిషి కళ్ళు తెర మీద ఉన్నంతసేపూ దానికి ఏ బాధా లేదు. కాస్త ఎక్కువసేపు మూతపడ్డాయా, నిద్రపోతున్నారని తీర్మానించేసి గీత వెలిగిస్తుంది. పోనీ అక్కడితో ఊరుకుంటుందా అంటే అదీ లేదు. అద్దాల గదిలో మేనేజరు గోడకున్న పెద్ద బోర్డు మీద కూడా ఆ సీటు దగ్గర పసుపు దీపం పెడుతుంది. అందుకే అక్కడ అందరూ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా గుడ్లప్పగించి కూర్చుంటారు. గట్టిగా తుమ్మాలన్నా వాళ్ళకి భయమే.

చేసేది సరిచూసే పని. తెరకి ఎడమపక్కన ఎవరో ఎప్పుడో చేత్తో రాసిన పాత దరఖాస్తు బొమ్మ, కుడిపక్కన దాన్నే టైపు చేసిన కాగితం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉంటే దిద్దాలి. సిరా వెలిసిపోయినవి, తడికి అలుక్కుపోయినవి, కోడి కెలికినట్టున్నవి, అన్నీ వస్తాయి. వాటి వెంట పడ్డ మనిషి రెప్ప వేయడమే మర్చిపోతాడు. రెప్ప వేయని కన్ను ఎండుతుంది. ఎండి మండుతుంది. ఆ మంటకి తట్టుకోలేక బొటబొటా నీళ్ళు కారుస్తుంది. కుళాయక్కకి ఆ పేరు అలా వచ్చింది. పెట్టింది పక్క సీటు సోడాబుడ్డి. అతని కళ్ళద్దాల మందం చూసి అతనికా పేరు పెట్టింది ఈవిడ. చెల్లుకు చెల్లు.

ఈ నీళ్ళ వల్ల ఇంట్లో పెద్ద రభసే అయింది. ఇంట్లో ఉండేది తనూ అత్తగారూ, ఇద్దరే. సాయంత్రం ఎర్రగా ఉబ్బిన కళ్ళతో, ముక్కు తుడుచుకుంటూ మెట్లెక్కే కోడల్ని చూసి కింది వాటాల వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. కొడుకు పోయాక ముసల్ది కోడల్ని రాచిరంపాన పెడుతోందన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు అత్తగారికి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పద కంటి డాక్టరు దగ్గరికి. నీ కళ్ళ సంగతి తర్వాత, ముందు నా పరువు పోతోంది."

డాక్టరు యంత్రంలోంచి చాలాసేపు చూశాడు. కళ్ళల్లో తడి బొత్తిగా లేదని, నల్లగుడ్ల మీద సన్నటి గీరలు పడ్డాయని చెప్పాడు. "ఇంతింత కారుతుంటే తడి లేదంటాడేమిటే" అని అత్తగారు కోడలి చెవిలో గొణిగింది. కారేదంతా మంటకి పుట్టే నీళ్ళేనట, అవి కంటికి పనికొచ్చే తడి కాదట. మధ్యమధ్యలో చుక్కలేసుకుని కళ్ళు మూసుకుంటుండాలి. లేదంటే గీరలు ముదిరి చూపు మసకబారుతుంది, ఆ మసక మరి పోదు. ఇంటికి రాగానే అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగకుండా తను పెట్టుకునే గడియారం తెచ్చి కోడలి సంచిలో వేసింది. గిర్రున తిప్పి వదిలితే, తిరిగి తిరిగి గణగణమనే రకం.

"మరి పాలో?" అంది కోడలు.

"పొంగితే స్టవ్వు తుడుచుకుంటాను. దీన్ని నీ బల్ల మీద పెట్టుకో."

అప్పట్నుంచి అది మోగినప్పుడల్లా కుళాయక్క కళ్ళు మూసుకుంటుంది, మంట తగ్గాక తెరిచి దాన్ని మళ్ళీ తిప్పి పెడుతుంది. వరసంతా ఆ మోత వింటుంది. కళ్ళు మండనివాళ్ళు ఆ వరసలో ఒక్కరూ లేరు. అయినా మండే కళ్ళతోనే తెర కేసి చూస్తుంటారు. "నువ్వూ మూసుకోవయ్యా" అంటే సోడాబుడ్డి నీళ్ళు నములుతాడు.

"పిల్లలవాణ్ణి అక్కా."

"పిల్లల మొహాలు కనబడక్కర్లేదా మరి?"

అతను కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంటాడు.

ఆ రోజు కుళాయక్క కళ్ళు తెరిచి, గడియారం తిప్పి పెట్టి, ఒక దరఖాస్తు దిద్దిందో లేదో, అద్దాల గదికి రమ్మని పిలుపొచ్చింది.

మేనేజరు ఆవిడకి కొడుకు వయసువాడు. చెడ్డవాడేం కాదు, గట్టిగా కసరడం కూడా చేతకాదు. అతని వెనక బోర్డు మీద సీట్లన్నీ నల్లగా, బుద్ధిగా ఉన్నాయి.

"అమ్మా, హాలు మొత్తం మీద పసుపు దీపాలన్నీ మీవే. పైవాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. ఆ గడియారం ఇంటికి తీసుకెళ్ళిపోండి. కళ్ళు మూసుకునేదేదో భోజనాలప్పుడు మూసుకోండి."

"భోజనాలప్పుడే మండుతామని అవి ఒప్పుకుంటే అలాగే మూసుకుంటాను సార్."

"వేళాకోళం కాదమ్మా. ఉద్యోగం పోతుంది."

ఆ మాట గుచ్చుకుంది. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఈ వయసులో, ఈ కళ్ళతో, ఇంకోచోట ఎవరు రానిస్తారు? సమాధానం చెప్పబోయింది. ఇంతలో పైనున్న ఏసీ గాలి సూటిగా మొహాన కొట్టింది. కళ్ళు రెండూ భగ్గుమని, చెంపల మీద ధారలు కట్టాయి.

మేనేజరు కంగారుపడిపోయాడు. సగం లేచి, టిష్యూల పెట్టె ఆమె ముందుకి తోశాడు.

"అయ్యో, ఏడవకండమ్మా. మేమూ మనుషులమే. మీరు ఇంత బాధపడ్డారని పైవాళ్ళకి నేను చెప్తాను. ఈసారికి వదిలేస్తారు. గడియారం మాత్రం తీసేయండి, చాలు."

కుళాయక్క చేతిలోకి టిష్యూ వచ్చేసింది. ఒక్కసారి ముక్కు చీదితే ఉద్యోగం నిలుస్తుంది. అద్దానికి అవతల వరసంతా తలలు తిప్పకుండా ఓరగా ఇటే చూస్తోంది. వాళ్ళకీ ఇది ఏడుపులాగే కనబడుతోంది కాబోలు.

భర్త పోయిన రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో సంతకాలు పెట్టింది తను. బండి మాట్లాడింది తను. సొమ్మసిల్లిన అత్తగారిని ఒళ్ళో పడుకోబెట్టుకుని నీళ్ళు తాగించిందీ తనే. ఏడవడానికి తీరిక దొరకలేదు, దొరికేసరికి ఏడుపు దాటిపోయింది. కంట చుక్క రాలలేదని, రాతిగుండె అని, చుట్టాలు ఆమె ఎదురుగానే అన్నారు. అన్నీ మింగి ఊరుకుంది. అంతటి మనిషి పోయినప్పుడు రాని ఏడుపు, గడియారం తీసేయమన్నందుకు వచ్చిందని వీళ్ళు చెప్పుకుంటారా? ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

టిష్యూను నలగకుండా మళ్ళీ పెట్టె మీద పెట్టేసింది.

"నేను ఏడవట్లేదు సార్."

"పర్లేదమ్మా, నేనేం అనుకోను..."

"మీరు అనుకుంటున్నారనే చెప్తున్నాను. ఇది ఏడుపు కాదు. మీ తెర, మీ గాలి కలిసి నా కళ్ళు ఎండగట్టాయి, అందుకు కారుతున్నాయి. మా ఆయన పోయిన రోజున ఏడవలేదు, మీ ముందు ఏడుస్తానా? రేపు కూడా గడియారం మోగుతుంది. నేను కళ్ళు మూసుకుంటాను."

మేనేజరు మొహం చిన్నబోయింది.

"అలాగైతే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నాడు, తనే తప్పు చేసినవాడిలా.

"రేపటిదాకా ఎందుకు" అని కుళాయక్క లేచింది.

సీటు దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదన్నాడు వాచ్‌మన్. పని మానేసినవాళ్ళు హాల్లో తిరగకూడదట. ఆమె సంచీ, అన్నం గిన్నె పట్టుకుని సోడాబుడ్డే గుమ్మం దాకా వచ్చాడు.

"గడియారమేదీ?" అందావిడ.

"అది ఇంకా తిరుగుతోందక్కా" అన్నాడు మెల్లగా.

కుళాయక్క అతని మొహంలోకి చూసింది. ఆ నీళ్ళ మసకలో దళసరి అద్దాలు తప్ప ఇంకేం ఆనలేదు.

"అయితే ఉండనీలే. మా అత్తగారికి స్టవ్వు తుడుచుకోవడం అలవాటైపోయింది" అని సంచీ అందుకుని మెట్లు దిగింది. చెంపలు తుడుచుకోలేదు. కారితే కారనీ, చూసేవాళ్ళని చూడనీ. ఇంటికెళ్ళి అత్తగారికి ఏం చెప్పాలన్నదొక్కటే ఆమె బెంగ. నిజమే చెబుదామనుకుని నడక సాగించింది.

మనమూ ఆవిడ వెంట వెళ్ళాల్సిందే గానీ, గడియారం పైనే ఉండిపోయింది. ఖాళీ కుర్చీ ముందు టిక్కుటిక్కుమంటూ తిరిగి తిరిగి, గణగణా మోగింది. సోడాబుడ్డి దాని వైపు చూశాడు. అద్దాల గది వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు కళ్ళూ మూసుకున్నాడు. అది చూసి అతని పక్కాయన మూసుకున్నాడు. తర్వాత ఆ పక్కావిడ. మేనేజరు తల తిప్పేసరికి, బోర్డు మీద ఆ వరస ఒక్క ఖాళీ సీటు తప్ప ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పసుప్పచ్చగా వెలుగుతోంది. మోత దానంతటదే ఆగింది. సోడాబుడ్డి కళ్ళు తెరవలేదు. తడుముకుంటూ చెయ్యి చాచి, దాన్ని మళ్ళీ గిర్రున తిప్పి, తీసిన చోటే పెట్టాడు.

ఖాళీ కుర్చీ ముందు, పాల మరకలున్న ఆ వంటింటి గడియారం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.