పెట్రోలుతో కడిగిన చైన్

తెలంగాణ కోసం సిరిసిల్లలో ఎప్పుడు బైక్ ర్యాలీ తీసినా ముందుండే బండి అనీస్‌ది. ఆ చోటు దానికి ఉద్యమం వల్ల రాలేదు, తళతళ వల్ల వచ్చింది. ర్యాలీ ఉందంటే చాలు, వాకిట్లో గోనెసంచి పరిచి, పెట్రోలు పోసి, ఇనుప బ్రష్షుతో చైన్‌ను బరబరా గీకేవాడు. పడుగు నూలు చుట్టే వార్పిన్ మిషన్ మీద పనిచేసేవాడు కదా, అక్కడ నేర్చిన విద్య అది. అక్కడా, సాంచెలనే మరమగ్గాల మీదా, దూది పీచు పట్టిన చైన్‌ను అట్లాగే కడుగుతారు. నూనె పెడితే మళ్లీ పీచు అంటుకుంటుందని చుక్క కూడా వేయడు.

"ఇది సాంచెల చైన్ కాదురా," అని అక్క ఫర్హత్ చెప్పి చూసింది. "దీన్ల రబ్బరు రింగులుంటయ్. పెట్రోలుకు ఉబ్బుతయ్, పగుల్తయ్. లోపలి గ్రీజు పోతది. గుడ్డకు ఇంత కిరసనాయిలు అద్ది తుడువు, నూనె పెట్టు."

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన మనిషి. ఏ మందుకు ఏ రబ్బరు బిరడా చెడుతుందో ఆమెకు తెలుసు.

"ఆపా, నువ్వు నెత్తురు సీసాలు కడుక్కో. చైన్ల సంగతి మొగోళ్లకిడ్సిపెట్టు," అన్నాడు అనీస్.

విడిచిపెట్టింది. వానాకాలమంతా ఆ మొగతనం చైన్ మీద సాగింది.

సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. ప్రైవేటు దవాఖాన నడిపే డాక్టర్ సుజాత ఒక్కటే మాట చెప్పింది: "ఇయ్యాల పొద్దుమూకక ముందే వచ్చి చేరితే కొలువు నీది. లేకుంటే జగిత్యాల పిల్లను తీసుకుంట." చదువు ముగిసినప్పటి నుంచి ఫర్హత్ ఎదురుచూస్తున్న మాట అది.

అనీస్ దింపివస్తానన్నాడు. బయల్దేరే ముందు, అలవాటు తప్పకుండా, పెట్రోలుతో చైన్ కడిగాడు. ఫర్హత్ పళ్లు నూరుకుంటూ వెనక కూర్చుంది.

వేములవాడ దాటేసరికి చైన్ కిర్రుమంది. రుద్రంగి దాటాక టకటక కొట్టింది. కథలాపూర్ దగ్గర పళ్లచక్రం మీంచి జారి ఇరుక్కుంది. ఎదురుగా వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, అన్నం గిన్నెలు, జై తెలంగాణ నినాదాలు.

"దుమ్ము పట్టింది, గంతే! ఇంత పెట్రోలు కొడితే సాఫయితది," అంటూ అనీస్ ట్యాంకు పైపు పీకబోయాడు.

పక్కనే పొయ్యి భగభగ మండుతోంది.

గరిటె గాల్లో లేచి అతని ముంజేతి మీద దిగింది. వంట చేస్తున్న కిష్టవ్వది ఆ గరిటె.

"పొయ్యి కాడ పెట్రోలు తీస్తవారా? అందర్నీ అన్నంతోని ఉడకబెడ్తవా?"

అనీస్ చెయ్యి రుద్దుకుంటూ జరిగాడు. ఫర్హత్ బండిని దూరంగా నెట్టి, దుపట్టా నడుముకు చుట్టింది.

"అవ్వా, పొయ్యంటుపెట్టే కిరసనాయిలు ఇంతియ్యి. కూర నూనె గూడ."

"బండికి పోపు పెడ్తవా బిడ్డా?"

"అవునవ్వా. మావోడు దీనికి నూనె వాసన గూడ సూపియ్యలే."

కిష్టవ్వ పకపకా నవ్వి రెండూ తెచ్చిచ్చింది. ఫర్హత్ చైన్‌ను చక్రం మీదికి ఎక్కించి, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ బిగుసుకున్న లింకులను ఒక్కొక్కటే అటూ ఇటూ ఆడించింది. రబ్బరు రింగులు ముక్కలై రాలాయి. పొడిగుడ్డతో తుడిచి నూనె పెట్టింది. అనీస్ మాత్రం అక్కడున్నవాళ్లకు తన పద్ధతి ఎంత గొప్పదో వివరిస్తున్నాడు. ఎవడూ వినలేదు. అన్నం ఉడికింది మరి.

చక్రం తిరిగింది. అనీస్ ఠీవిగా ఎక్కి, "కూసో ఆపా," అన్నాడు.

"దిగు."

"ఏంది?"

"గీ చైన్ ఇద్దర్ని మొయ్యది. కొలువు నాది, నువ్వు దిగు."

"గంత పెద్ద బండి నువ్వు నడుపుతవా?"

"మన అబ్బాజాన్ బండి మీద నీకంటె ముందే నేర్సుకున్న. నడుపుడు నాకొచ్చు. కడుగుడే నీకు రాలే."

చుట్టూ నవ్వులు. అనీస్ దిగాడు.

"దవాఖాన పిల్లకు తొవ్వియ్యుండ్రి!" అని కిష్టవ్వ అరిచింది. ఆ వెంటనే అనీస్ చేతిలో విస్తరాకుల కట్ట పెట్టింది. "నువ్వు గివి పరువు కొడుకా. తిన్నంక నువ్వే ఎత్తాలె. దీనికి పెట్రోలు అక్కెర లేదు."

పొద్దు ఎర్రబడుతుండగా ఫర్హత్ కోరుట్ల దవాఖాన మెట్లెక్కింది. డాక్టర్ సుజాత చైన్ మడ్డితో నల్లబడ్డ ఆమె చేతులను పరికించి చూసింది.

"బస్సుల్లేవు గద, ఎట్ల వచ్చినవ్?"

"మెల్లగ వచ్చిన మేడం. సబ్బెక్కడుంది?"